కరంజాని ద్రోహి అన్నప్పటి నుంచి ఆ క్లాసంటే టెన్షన్‌గా ఉంది

ఒక పీజీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే కాంట్రాక్ట్ లెక్చరర్ పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు కాబట్టి విషయం మాత్రం ఇక్కడ చెబుతున్నాను.

ఈ సెమిస్టర్ ఆవిడకు ఎం.ఏ. రెండో సంవత్సరం ఆఫ్రికన్ సాహిత్యం పేపర్ ఇచ్చారు. అందులో కెన్యా రచయిత గూగీ వా థియోంగో నవల ‘ఎ గ్రెయిన్ ఆఫ్ వీట్’ ఉంది. బ్రిటిష్ పాలన మీద ముఖ్యంగా కికుయు తెగవాళ్ళు చేసిన మౌ మౌ తిరుగుబాటు చుట్టూ తిరిగే ఒక ఊరి కథ అది. తిరుగుబాటులో చేరేవాళ్ళు ప్రమాణం తీసుకునేవారు; వాళ్ళను అణచడానికి ప్రభుత్వం స్థానికులతోనే పెట్టిన దళం హోమ్ గార్డ్. నవలలో కరంజా ఆ దళంలో చేరినవాడు. మొదట్లో కెన్యా చరిత్రంతా వరుసగా నోట్స్ ఇచ్చారట. పిల్లలకు ఆవలింతలు వచ్చాయి. హెచ్‌ఓడీ గారు పిలిచి, ‘కథ కథగా చెప్పండి, పరీక్షలో చరిత్ర అడగరు’ అన్నారు. సరేనని చరిత్ర పక్కనపెట్టి నవలలోకి వెళ్ళారు. అప్పుడు క్లాసు కదిలింది కానీ ఇంకోవైపు కదిలింది. తాత తెలంగాణ సాయుధ పోరాటంలో దళంలో పనిచేసిన ఒక అబ్బాయి లేచి, ‘ఇది మా కథే మేడమ్, ఈ కరంజా లాంటి ఇన్ఫార్మర్లు మా ఊళ్ళోనూ ఉన్నారు, వాళ్ళను వదలకూడదు’ అన్నాడు. క్లాసు చప్పట్లు కొట్టింది. ఇంకో గుంపు నవలలోని ముంబి మీద పడింది, భర్త జైల్లో ఉంటే కరంజాతో ఇలా చేస్తుందా అని. ఆ క్లాసులోనే కెన్యా నుంచి వచ్చిన అమ్మాయి ఒకరున్నారు. అంతకుముందు వారం మన లెక్చరర్ ఆ అమ్మాయిని లేపి, ‘మీవాళ్ళలో ప్రమాణం ఎలా తీసుకునేవారో చెప్పమ్మా’ అని అడిగారు కూడా. చప్పట్ల మర్నాడు ఆ అమ్మాయి స్టాఫ్ రూమ్‌కి వచ్చి, ‘మేడమ్, మా తాత హోమ్ గార్డ్. ఇంట్లో ఎవరూ మాట్లాడరు. దయచేసి నన్ను క్లాసులో ఏమీ అడగొద్దు’ అని చెప్పి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి చివరి బెంచీలో కూర్చుంటోంది.

ఆవిడ అడిగినవి ఇవి. ఈ నవల వదిలేసి, సిలబస్‌లో ప్రత్యామ్నాయంగా ఉన్న నైజీరియా నవలకు మారిపోవాలా? చరిత్ర చెబితే విసుగు, చెప్పకపోతే ఈ గొడవ, ఎంత చెప్పాలి? కెన్యా గడ్డ తొక్కని నాకు ఇది చెప్పే హక్కు ఉందా? ఆ అమ్మాయికి ఏం చెప్పాలి?

మీ ఉత్తరం చదివాక ముందు ఆ అమ్మాయి గురించే మాట్లాడాలనిపించింది. మిగతావాటికి వచ్చే వారం దాకా వ్యవధి ఉంది, ఆమెకు లేదు.

ఆమె మీ దగ్గరకు వచ్చి చెప్పడం చిన్న విషయం కాదు. కెన్యాలో హోమ్ గార్డ్ కుటుంబాల్లోనూ, తిరుగుబాటు చేసి అడవిలోకి పోయినవాళ్ళ కుటుంబాల్లోనూ ఈ సంగతులు దశాబ్దాలపాటు నోటికి రాలేదు. స్వాతంత్ర్యం తర్వాత కూడా మౌ మౌ సంస్థ మీద నిషేధం కాగితం మీద అలాగే ఉండిపోయింది, 2003లో గానీ ఎత్తేయలేదు. నలభై ఏళ్ళు ప్రభుత్వమే మాట్లాడని విషయం ఇళ్ళలో ఎలా మాట్లాడతారు? కాబట్టి మీరు వెళ్ళి ఆ అమ్మాయిని ఇంకా వివరాలు అడగొద్దు, మీ మంచితనంతో కూడా అడగొద్దు. ఒక్కసారి విడిగా కలిసి, ‘నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది, క్లాసులో నిన్ను నేను సాక్షిగా నిలబెట్టను’ అని మాత్రం చెప్పండి. ప్రమాణం గురించి అడిగినందుకు సారీ చెప్పాలనిపిస్తే ఒక్క మాటలో చెప్పి ముగించండి. ఎక్కువ పొడిగిస్తే మిమ్మల్ని ఓదార్చే పని ఆమె మీద పడుతుంది.

కావాలంటే ఆ పేపర్‌కి ఇంటర్నల్ అసైన్‌మెంట్ ఇంకో నవల మీద రాసుకునే వీలు ఆమెకు ఇవ్వవచ్చు. అయితే ఆ వీలు ఆమె ఒక్కతికే ఇస్తే క్లాసులో గుసగుసలు మొదలవుతాయి. ఇచ్చేటట్టయితే అందరికీ రెండు నవలల్లో ఒకటి ఎంచుకోమని ఇవ్వండి. రేపు ఆమె తనంతట తానే ఈ నవల మీదే రాస్తానంటే ఆశ్చర్యపోకండి, ఆపకండి.

ఇప్పుడు కరంజా దగ్గరకు వద్దాం. మీ క్లాసు కరంజాని ద్రోహి అని తేల్చేసి చప్పట్లు కొట్టింది కదా. నవలలో థాబాయ్ ఊరు కూడా అదే చేస్తుంది. పోరాట వీరుడు కిహికాను ఎవరు పట్టించారు? అందరి చూపూ కరంజా మీదే. 1963 డిసెంబర్ 12న ఉహురు, అంటే స్వాతంత్ర్యం వచ్చే రోజు సభలో అతన్ని బయటపెట్టాలని అనుకుంటారు. సభలో లేచి నిలబడింది ముగో, ఊరంతా మహానుభావుడిగా కొలుస్తున్న ముగో. పట్టించింది నేనేనని ఒప్పుకున్నదీ అతనే. అంటే మీ విద్యార్థులు పడింది గూగీ చదివేవాళ్ళ కోసం తెలిసి తవ్విన గోతిలోనే. వాళ్ళను కోప్పడాల్సిన పని లేదు. సభ ఘట్టం దాకా చదివించి, అప్పుడు చప్పట్లు కొట్టిన రోజును గుర్తు చేయండి చాలు.

నవలలో మచ్చ లేని మనిషి ఎవరు? ముంబి భర్త గికొన్యో నిర్బంధ శిబిరంలో ఉండగా ఇంటికి పోవాలన్న తపనతో ప్రమాణం సంగతి ఒప్పేసుకుంటాడు. కరంజా ఊళ్ళో ఉండిపోవాలని, ముంబికి దగ్గరగా ఉండాలని హోమ్ గార్డ్‌లో చేరతాడు. భర్త తిరిగి వస్తున్నాడన్న కబురు విన్న ఆ ఒక్క క్షణంలో ముంబి తడబడి కరంజాకు లొంగిపోతుంది. ముగోకి ఏ పక్షమూ అక్కర్లేదు, తన మడి తనను దున్నుకోనిస్తే చాలు. అలాంటివాడే ద్రోహం చేశాడు, అలాంటివాడే వీరుడయ్యాడు. ఈ నలుగురినీ ఒక వరుసలో నిలబెట్టి మార్కులు వేయడం కుదరదు.

అయితే ఇది గాలిలో చెబితే, ‘అందరూ మనుషులే కదండీ’ అనే మెత్తటి మాటగా మిగిలిపోతుంది. దాన్ని నేల మీద నిలబెట్టేది చరిత్రే. ఇక్కడే మీ హెచ్‌ఓడీ గారితో నేను విభేదిస్తాను. ముంబి విషయమే చూడండి. 1952 అక్టోబర్ 20న బ్రిటిష్ ప్రభుత్వం ఎమర్జెన్సీ ప్రకటించింది. 1954, 55లలో పది లక్షలమందికి పైగా కికుయు ప్రజలను వాళ్ళ ఇళ్ళలోంచి లేపి, కందకాలు, కాపలాలు ఉన్న 800కు పైగా కొత్త ఊళ్ళలోకి తోసింది. మగవాళ్ళు శిబిరాల్లోనో అడవిలోనో ఉంటే కందకం తవ్వింది ఎక్కువగా ఆడవాళ్ళే. కర్ఫ్యూ, ఆకలి, దెబ్బలు. నవలలో వంబుకు అనే గర్భిణి కందకం తవ్వుతూ హోమ్ గార్డ్ చేతిలో దెబ్బలు తింటుంది, తర్వాత చనిపోతుంది. అడ్డం వెళ్ళినందుకే ముగో శిబిరానికి పోతాడు. ఇది తెలియకుండా ముంబి కథ చదివితే మన సీరియల్ చూసినట్టే తీర్పు చెబుతాం. కందకం పేజీలు గట్టిగా చదివించి, ఆ తర్వాత ముంబి తన కథ చెప్పే ఘట్టానికి రండి. అప్పుడు కూడా ఎవరైనా ఆమెది తప్పే అంటే అననివ్వండి. కానీ ఎలాంటి రోజుల్లో ఏం జరిగిందో తెలిసి అంటారు.

హోమ్ గార్డులు కూడా ఒకే రకం మనుషులు కాదు. కొందరు పదవి కోసం, భూమి కోసం చేరారు. కొందరు క్రైస్తవులు, ప్రమాణాన్ని ఒప్పుకోలేకపోయారు. కొందరు భయంతో చేరారు. 1953 మార్చి 26న లారీ అనే చోట ప్రభుత్వం వైపు నిలిచిన కుటుంబాల మీద మౌ మౌ దాడి జరిగింది, ఆడవాళ్ళూ పిల్లలూ కాలిపోయారు. వెంటనే ప్రభుత్వం వైపు వాళ్ళు ప్రతీకారంగా ఇంకా ఎందరినో చంపారు. దాని వెనుక పాత భూమి తగాదా ఉంది. అధికారిక లెక్కల్లో మౌ మౌ చేతిలో పోయిన తెల్ల పౌరులు 32 మంది, ఆఫ్రికన్ పౌరులు దాదాపు 1,800 మంది. ప్రభుత్వం చంపిన తిరుగుబాటుదారులు 11,000 మందికి పైగా. ఉరితీసినవాళ్ళే వెయ్యికి పైగా. ఈ అంకెలు పక్కపక్కన పెట్టి చూపించండి. పాలకుల హింస ఎంత పెద్దదో తెలుస్తుంది, కికుయు సమాజం లోపల లోపలే ఎంత చీలిపోయిందో కూడా తెలుస్తుంది. ఈ రెండింటిలో ఒకటే చెబితే ఇంకోవైపు వాళ్ళకు అన్యాయం జరుగుతుంది.

గూగీ ఇల్లే దీనికి సాక్ష్యం. అతని అన్న ఒకరు అడవికి పోయాడు. దాని కోసం తల్లిని హోమ్ గార్డ్ ఠాణాలో పెట్టి హింసించారు. అదే కుటుంబంలో ప్రభుత్వం వైపు పనిచేసినవాళ్ళూ ఉన్నారు. చెవిటివాడైన సవతి అన్న గిటోగో, సైనికులు ఆగమన్న మాట వినపడక తూటాకు బలయ్యాడు. నవలలో అలాగే చనిపోయే చెవిటి మూగ కుర్రాడికి గూగీ అదే పేరు పెట్టాడు. మీ క్లాసులో ఒకరు ఆ చావును సినిమా సీన్‌లా ఉందన్నారని రాశారు. ఈ సంగతి వాళ్ళకు చెప్పండి. కెన్యా అమ్మాయి పేరెత్తకుండానే, ‘రెండు వైపులా మనుషులున్న ఇల్లు ఈ రచయితది కూడా’ అనే మాట ఆమె చెవిన పడుతుంది. నా ఉద్దేశంలో మీరు ఆమెకు ఇవ్వగలిగినవాటిలో అదే పెద్దది.

ఆ అబ్బాయి తెలంగాణ పోలిక తెచ్చాడని మీకు భయమేసింది. నాకైతే సంతోషమేసింది. భూమి, వెట్టి, దళాలు, ఇన్ఫార్మర్లు, శిబిరాలు అన్నీ పోలుతాయి. 1951లో ఇక్కడ పోరాటం ఆగితే, ఆ మరుసటి ఏడాదే అక్కడ ఎమర్జెన్సీ. అతన్ని ఆపొద్దు, ఇంకొంచెం ముందుకు నడిపించండి. అక్కడ నేల పోయింది వలస వచ్చిన తెల్లవాళ్ళకు. మంచి భూములున్న ఎత్తైన ప్రాంతం చట్టప్రకారమే వాళ్ళకు కేటాయించారు. రెండో ప్రపంచ యుద్ధంలో తూర్పు ఆఫ్రికా సైనికులు బర్మా దాకా వచ్చి బ్రిటన్ కోసం పోరాడారు. ఇంటికి వెళ్తే తెల్ల మాజీ సైనికులకు భూములు, వీళ్ళకు ఖాళీ చేతులు. ఆ కోపం లేకుండా 1952 అర్థం కాదు.

అసలు తేడా ఆ తర్వాత ఉంది. ఇక్కడ 1952 ఎన్నికల్లో రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచి పార్లమెంటుకు వెళ్ళారు. పోరాటం చేసినవాళ్ళు పాటల్లో, ఆత్మకథల్లో, చట్టసభల్లో నిలిచారు. అక్కడ మగవాళ్ళు శిబిరాల్లో ఉండగానే 1954 నుంచి ప్రభుత్వం భూముల ఏకీకరణ, అంటే చెల్లాచెదురు కమతాలను ఒకచోట కలపడం మొదలుపెట్టి, తన వైపు ఉన్నవాళ్ళకు మేలు చేసింది. బయటికొచ్చినవాడికి నేల లేదు. కొత్త ప్రభుత్వం, అందరం కలిసే పోరాడాం, గతాన్ని మరిచిపోదాం అంది. నవలలో గికొన్యో, మరికొందరు కలిసి గ్రీన్ హిల్ ఫామ్ కొనుక్కోవాలని ఎంపీ దగ్గరికి తిరుగుతారు. రుణం ఇప్పిస్తానన్న ఆ ఎంపీ దాన్ని తనే కొనేసుకుంటాడు. ఈ పుస్తకం 1967లో వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చి నాలుగేళ్ళే. అప్పుడే ఇంత మాట రాయడం ఎంత తెగువో మీ పిల్లలకు తెలియాలి. 1950లలో జరిగిన కథ ఒకటి, దాన్ని 1960ల మధ్యలో కూర్చుని రాస్తున్న మనిషి నిరాశ ఇంకొకటి. ఈ రెండు కాలాలనూ విడదీసి చూపిస్తే, నవల ఎందుకు అలా ముందుకీ వెనక్కీ తిరుగుతుందో కూడా వాళ్ళకే అర్థమవుతుంది.

ఎంత చరిత్ర అని అడిగారు. మొదటే మొత్తం చెప్పొద్దు, అది ఎవరికైనా విసుగే. నవల ఆగి నిలబడే చోట్ల మీరూ ఆగండి. కందకం ఒకటి. నవలలోని రిరా నిర్బంధ శిబిరం ఇంకొకటి. అక్కడ పదకొండుమంది చనిపోవడం చదివాక, 1959 మార్చి 3న హోలా అనే నిజమైన శిబిరంలో పదకొండుమందిని కొట్టి చంపి, మొదట తాగిన నీళ్ళ మీద నెపం వేసిన సంగతి చెప్పండి. అలాంటి శిబిరాల్లో హింసకు గురైన 5,228 మందికి 1.99 కోట్ల పౌండ్లు ఇస్తామని బ్రిటిష్ ప్రభుత్వం ఒప్పుకుంది 2013లో. ఆ తేదీ వింటే క్లాసు నిటారుగా కూర్చుంటుంది, ఎందుకంటే అప్పటికి వాళ్ళు స్కూలు పిల్లలు. మూడోది గ్రీన్ హిల్ ఫామ్. మిగతాది వాళ్ళు అడిగినప్పుడు చెబితే సరిపోతుంది. హెచ్‌ఓడీ గారికి కూడా ఇలాగే చెప్పండి, సిలబస్ వెనకబడదని. పరీక్షలో ‘ముగో పాత్ర చిత్రణ’ అని అడిగినా, కందకం తెలిసినవాడు రాసే జవాబు గైడ్ చూసి రాసేదానికంటే బాగుంటుంది.

ఇక నవల మార్చేయడం. మార్చవచ్చు, మీ చేతిలో ఉంది. క్లాసు ప్రశాంతంగా ఉంటుంది, మీకు నిద్ర పడుతుంది. కానీ ఎందుకు మారిందో కెన్యా అమ్మాయికి మాత్రం తెలుస్తుంది, తన ఒక్క మాటతో పుస్తకమే మాయమైందని అనుకుంటుంది. ఆ భారం చిన్నది కాదు. పైగా నైజీరియా నవలలోనూ ఇదే చిక్కు ఎదురవుతుంది. అక్కడ ఇగ్బో తెగ ఊళ్ళు, బ్రిటిష్ వాళ్ళు నియమించిన వారెంట్ చీఫ్‌లు, మిషనరీలు. చరిత్ర తెలియకపోతే మీ పిల్లలు వాళ్ళను ఆటవికులనో అమాయకులనో అనేస్తారు. మీ సంగతి తెలిసిన స్నేహితురాలిగా అడిగితే ఉండమనే అంటాను. కానీ మీకు నిజంగా ఆరోగ్యం దెబ్బతినేంత ఒత్తిడి ఉంటే, మారడం తప్పు కాదు. అప్పుడు మాత్రం ఆ అమ్మాయికి, ఇది నీ వల్ల కాదు, నా వల్ల అని విడిగా చెప్పండి.

కెన్యా చూడని నాకు హక్కుందా అన్నారు. నవలలో రుంగే బజారులో కొట్లు పెట్టుకున్నది ఎవరు? భారతీయులే. రైలు పట్టాలు వేయడానికి వెళ్ళిన కూలీలు, ఆ వెనక వెళ్ళిన వ్యాపారులు, ఆ కథలో మనవాళ్ళూ ఉన్నారు, ఎప్పుడూ మంచివైపే కాదు. అలాగే కపెంగురియా అనే ఊళ్ళో, తర్వాత కెన్యా పాలకుడైన జోమో కెన్యాట్టా మీద మౌ మౌ కేసు నడిచినప్పుడు వాదించిన లాయర్ల బృందంలో అచ్ఛ్రూ కపిలా, ఫిట్జ్ డిసౌజా, ఢిల్లీ నుంచి వెళ్ళిన దివాన్ చమన్‌లాల్ ఉన్నారు. తెలుగులోనైతే వరవరరావు గారు జైల్లో ఉండి గూగీని అనువదించారు, గూగీ కూడా జైల్లో రాసిన మనిషే. మీరు దారితప్పి వచ్చినవారేమీ కాదు. హక్కు సంగతి ఆలోచించి ఆగిపోకండి. తెలియని చోట తెలియదని చెప్పి, వెతికి వచ్చే వారం చెబితే సరిపోతుంది. తెలియనిదాన్ని క్లాసులో ఉన్న ఆఫ్రికా విద్యార్థి మీదకు నెట్టడం ఒక్కటే వద్దు. ఇంకో ఏడాది ఇంకో అమ్మాయి వస్తుంది, ఆమె లువో, కలెంజిన్ లాంటి ఇంకో తెగ అమ్మాయి అవుతుంది, ఆమెకు కికుయు ప్రమాణాల గురించి మనకు తెలిసినంతే తెలియవచ్చు.

ఇంకొకటి, వచ్చే క్లాసుకు ముందు పిల్లల చేతుల్లో ఏ ఎడిషన్ ఉందో చూడండి. గూగీ 1980లలో ఈ నవలను సవరించాడు. మొదటి ప్రతిలో డాక్టర్ లిండ్ అనే తెల్ల డాక్టర్ మీద అత్యాచారం జరుగుతుంది, సవరించిన దాంట్లో అది లేదు, ఆమె కుక్కను చంపడం వరకే ఉంటుంది. సగంమంది దగ్గర ఒకటి, సగంమంది దగ్గర ఇంకొకటి ఉంటే ఆ అధ్యాయం రోజు మళ్ళీ గొడవే. జెరాక్స్ తీయించే ముందే రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఎందుకు మార్చాడో క్లాసునే అడగండి. ఆ అబ్బాయి, ముంబి మీద పడిన ఆ గుంపు, ఎవరికి తోచింది వాళ్ళు చెప్పనివ్వండి.